ఫిల్లింగ్ తర్వాత నా పంటి పోటు ఎలా తగ్గిందంటే

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పోయిన నెల కింది దవడ పన్నుకి పంటి రంగు ఫిల్లింగ్ పెట్టించుకున్నాను. ఈ రకం నీలం లైటు వేయగానే గట్టిపడుతుంది. కానీ మత్తు దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అప్పటిదాకా ఏమీ నమలొద్దన్నారు, బుగ్గ కొరుక్కున్నా తెలియదు కాబట్టి.

చల్లటి కొబ్బరినీళ్లు తాగితే జివ్వుమనేది. కొన్ని రోజులు అది మామూలేనట. మెత్తటి బ్రష్, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడుతుంటే మెల్లగా తగ్గింది.

నాకు టెన్షన్ పెట్టింది వేరే. అన్నం నమిలినప్పుడల్లా ఆ పన్నే ముందు తగిలి ఒకటే పోటు. ఐదు రోజులు ఉప్పునీళ్లు పుక్కిలించాను, లవంగం పెట్టాను. లాభం లేదు, ఎందుకంటే ఫిల్లింగ్ కాస్త ఎత్తుగా ఉండిపోయింది. మత్తులో కొరికి చూసినప్పుడు ఆ తేడా మనకు సరిగ్గా తెలియదు. మళ్లీ వెళ్తే డాక్టరుగారు పళ్ల మధ్య రంగు కాగితం పెట్టి కొరకమన్నారు. మచ్చ ముదురుగా పడ్డచోట కొద్దిగా అరగదీశారు. ఐదు నిమిషాల పని! మర్నాటికే తేడా తెలిసింది, వారానికి పోటు పోయింది.

మీకూ ఎత్తుగా తగులుతుంటే నాలాగా ఓర్చుకోకండి, వెళ్లి చూపించుకోండి. రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా, వాపు వచ్చినా అసలు ఆలస్యం చేయొద్దు, లోపలి నరం దెబ్బతిని ఉండవచ్చు.

అత్తయ్య ఆత్రేయపురం నుంచి తెచ్చిన మామిడి తాండ్ర మాత్రం రెండు వారాలు ముట్టలేదు. అతుక్కునే తీపి ఫిల్లింగ్ అంచున నిలిస్తే అక్కడ మళ్లీ పుచ్చుతుంది. ఇప్పుడు తింటున్నాను, తినగానే నోరు పుక్కిలిస్తున్నాను.