పాత బేస్‌బాల్ కార్డుకి ధర ఎక్కడ పుడుతుంది? చూసుకోవడం ఎలా?

బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో అచ్చయ్యే ఈ సేకరణ కార్డు పాతదైతే చాలు డబ్బే అనుకోకండి. 1980ల చివర, 90ల మొదట్లో అమెరికాలో కార్డులు కుప్పలుగా అచ్చయ్యాయి. వాటిలో చాలావాటిని ఇప్పటికీ అడిగేవాళ్లు లేరు.

1. చేతులు కడిగి, తడి పూర్తిగా ఆరాక కార్డుని అంచులు పట్టుకుని తిప్పండి. కంపెనీ, నంబరు, సంవత్సరం సాధారణంగా వెనకే దొరుకుతాయి.

2. కొలవండి. టాప్స్ అనే కంపెనీ 1952 కార్డు 2 5/8 × 3 3/4 అంగుళాలు. 1957 నుంచి టాప్స్ సైజు 2 1/2 × 3 1/2. తగ్గిందంటే, అరిగిన మూలలు పదునుగా కనబడాలని ఎవరో అంచు కోసి ఉండొచ్చు. ఫ్యాక్టరీలోనే కాస్త చిన్నగా తెగినవీ ఉంటాయి కాబట్టి, అదే సెట్టు కార్డు పక్కన పెట్టి అంచు తీరు కూడా పోల్చండి.

3. 10 రెట్లు పెద్దగా చూపే లూపుతో (చిన్న భూతద్దం) నాలుగు మూలలూ చూడండి. తర్వాత దీపం కింద ఏటవాలుగా వంచండి. నేరుగా చూస్తే కనబడని సన్నని మడత అప్పుడు బయటపడుతుంది. గ్రేడుని (కార్డు స్థితికి గ్రేడింగ్ కంపెనీలు 10కి వేసే మార్కు) అమాంతం పడగొట్టేది అదే.

4. బొమ్మ మధ్యలో ఉందా? ఎడమ అంచు 3 మి.మీ., కుడి అంచు 2 మి.మీ. అయితే సెంటరింగ్ 60/40. పైనా కిందా కూడా ఇలాగే లెక్కేయండి.

5. ఇక అరుదుతనం. గ్రేడింగ్ కంపెనీల పాపులేషన్ రిపోర్టులో ఆ కార్డు ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో చూడండి. ఒకే కార్డుని గ్రేడింగ్ కంపెనీ సీలు వేసిన డబ్బాలోంచి విప్పి, మళ్లీ గ్రేడుకి పంపేవాళ్లుంటారు, కాబట్టి ఆ అంకె అసలుకంటే ఎక్కువ ఉండొచ్చు.

అసలు కిటుకు గ్రేడు, అరుదుతనం ఈ రెండూ కలిసే చోట ఉంది. 1909-11 నాటి టీ206 అనే సెట్టులో ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డులు 60 దాకానే తెలుసు. అందుకే గ్రేడు 2 వచ్చినది కూడా 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. అదే ఏడాది ఆటగాడు మికీ మ్యాంటిల్ 1952 టాప్స్ కార్డు, గ్రేడు 9.5ది, 1.26 కోట్ల డాలర్లకు పోయింది. మ్యాంటిల్ కార్డులు వాగ్నర్ కంటే చాలా ఎక్కువే దొరుకుతాయి, 9.5 గ్రేడువి మాత్రం దొరకవు. అంటే మామూలుగా దొరికే కార్డుకి గ్రేడే ప్రాణం. దొరకని కార్డుకి చిరుగు కూడా క్షమార్హమే!

మరకలు తుడవకండి, మడతలు నొక్కకండి. గ్రేడర్లు పసిగడితే అంకె గ్రేడు ఇవ్వకపోవచ్చు. పీవీసీ కవర్లు వద్దు. ముందు మెత్తని స్లీవు (పల్చని ప్లాస్టిక్ తొడుగు), ఆపైన గట్టి టాప్‌లోడర్ (పైనుంచి కార్డు దూర్చే గట్టి ప్లాస్టిక్ తొడుగు) వాడండి. స్లీవు లేకుండా తోస్తే మూల నలిగేది అక్కడే.