తాగుడు మానాలనుకునేవారికి తోడును మన ఊళ్లోనే వెతుక్కోవడం ఎలా?

మా తమ్ముడు పొద్దున్నే టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకునేవాడు. అయినా సగం టీ లుంగీ మీదే ఒలికేది. ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్న రోజు ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. రెండో రాత్రి వాడికి ఫిట్స్ వచ్చాయి. రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి ఆపేస్తే ఇలా జరగవచ్చని మాకెవరికీ తెలియదు. అందుకే ముందుగా డాక్టరు సంగతి చెబుతున్నాను.

మొదట ఆస్పత్రికి

లేవగానే చేతులు వణుకుతున్నా, చెమటలు పడుతున్నా, ఒక గుక్క తాగితే తప్ప కుదుటపడకపోయినా ఇంట్లో సొంతంగా ఆపవద్దు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. కడపలో ఇప్పటికీ చాలామంది రిమ్స్ అనే అంటారు. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు ఆ విభాగం పేరే చెప్పండి. పిచ్చివాళ్లు వెళ్లే చోటు అనుకుని మేము వెనకాడాం, ఆ ఆలస్యానికి ఇప్పటికీ బాధపడుతున్నాను. వణుకును అదుపులో పెట్టే మందులు, విటమిన్ బి1 డాక్టర్లు ఇస్తారు. ఎంత తాగుతున్నదీ, చివరిసారి ఎప్పుడు తాగిందీ దాచకుండా చెప్పాలి. ఫిట్స్ వచ్చినా, లేని మనుషులు కనిపిస్తున్నా, మాట తడబడి మతి తప్పుతున్నా 108కి ఫోన్ చేయండి. మానిన తర్వాత మొదటి నాలుగైదు రోజులు ఈ జాగ్రత్త తప్పదు.

తర్వాత బృందం

శరీరం కుదుటపడ్డాక అసలు కష్టం సాయంత్రాల్లో మొదలవుతుంది. ఆ సమయంలో ఇంట్లోవాళ్ల మాట కంటే, అదే దారిలో నడిచి బయటపడిన మనిషి మాట బాగా ఎక్కుతుంది. అలాంటివారు కలుసుకునే బృందాల్లో అందరికీ తెలిసినది ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏ.ఏ. ఇది 1935లో అమెరికాలో మొదలైంది. చేరడానికి ఉండవలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఫీజు లేదు.

ఈ బృందాల మీటింగు మన దగ్గర ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవడానికి మత్తు విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే 14446కు, మానసిక ఆరోగ్య సాయం అందించే టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే. టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. నా అనుభవంలో ఇంతకంటే పనికొచ్చిన దారి, మానసిక వైద్య విభాగంలోని కౌన్సెలర్‌నో నర్సునో నేరుగా అడగడం. "ఇక్కడ చికిత్స తీసుకుని మానినవాళ్లు ఎక్కడ కలుస్తారు?" అని అడగండి. బృందానికి పేరు లేకపోయినా మనుషులు దొరుకుతారు. చర్చిల్లో, పాఠశాలల్లో కూడా విచారించండి. మీటింగులు తరచుగా అలాంటి చోట్లే పెడతారు. చర్చి గదిలో జరిగినంత మాత్రాన మతం మార్చుకోవాలని ఎవరూ అనరు. అక్కడ దేవుడంటే ఎవరు నమ్మే దేవుడు వారికే.

నంబరు దొరికితే ఏ రోజు, ఎన్ని గంటలకు, తెలుగులోనేనా అని అడగండి. ఇంట్లోవాళ్లు కూడా రావచ్చో లేదో కనుక్కోండి. ఓపెన్ మీటింగుకు ఎవరైనా వెళ్లవచ్చు, క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే. చోటు, వేళ మారుతుంటాయి, కాబట్టి బయలుదేరే ముందు మళ్లీ ఒకసారి ఫోన్ చేయండి.

ఊళ్లో తెలిసిపోతుందన్న భయం మా తమ్ముడికీ ఉండేది. కడపవారు ప్రొద్దుటూరులో, కర్నూలువారు నంద్యాలలో ఏమైనా ఉందేమో అడగవచ్చు. ఫోన్‌లో జరిగే ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. అయితే వైన్ షాపు ముందు నిలబడినప్పుడు ఊరంతా చూసింది, మానడానికి వెళ్తుంటే చూస్తే నష్టమేముంది?

మొదటి రోజు

మన వైపు కొత్త మనిషి కనబడితే ఏ ఊరు, ఎవరి అబ్బాయి అని అడగకుండా ఉండరు. అక్కడ పేరు చెబితే చాలు. ఆ పేరైనా చెప్పకుండా, తలుపు దగ్గరి కుర్చీలో గంటసేపు ఊరికే వింటూ కూర్చోవచ్చు. మా తమ్ముడు అలాగే కూర్చుని, ఇది నాకు సరిపడదంటూ వచ్చేశాడు. ఒక్కసారికే తేల్చుకోవద్దు, నాలుగైదు సార్లు వెళ్లండి.

అసలు బృందమే లేకపోతే? మద్యం మానడం కోసం ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చున్నా అది బృందమే అని ఏ.ఏ. సంప్రదాయం చెబుతోంది. డాక్టరు ద్వారా మరొకరిని పరిచయం చేయించుకుని వారానికోసారి కలవండి.

ఇంట్లోవారికి

అన్నంలోనో మజ్జిగలోనో తెలియకుండా కలిపి మాన్పించే పొడుల జోలికి పోవద్దు. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్రను కూడా మనిషికి తెలియకుండా ఇవ్వకూడదు. అది వేసుకున్నాక తాగితే గుండె, రక్తపోటు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. గొలుసులతో కట్టేస్తామనే ప్రైవేటు కేంద్రాల్లో చేర్పించవద్దు. మానసిక అనారోగ్యానికి చికిత్స పొందేవారిని గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తాగేవారి భార్యల కోసం, తల్లిదండ్రుల కోసం అల్-అనాన్ అనే బృందాలు వేరుగా ఉన్నాయి, వాటి గురించీ అడగండి.

మీటింగు నుంచి వచ్చేటప్పుడు ఒక్కరి ఫోన్ నంబరైనా తీసుకోవాలి. నాలుగు నెలలు మానిన తర్వాత ఒక సాయంత్రం మా తమ్ముడు వైన్ షాపు ఎదురుగా రోడ్డు మీద నిలబడి ఆ నంబరుకు ఫోన్ చేశాడు. ఆయన స్కూటర్ మీద వచ్చి వాణ్ణి ఎక్కించుకుని మా ఇంటికి తీసుకొచ్చాడు, మాతో కలిసి అన్నం తిని వెళ్లాడు. ఆయన ఇంటిపేరు ఏమిటో మాకు ఇప్పటికీ తెలియదు.