చిన్న స్పోర్ట్స్ కారుకు ఎగ్జాస్ట్ ఎంచుకునే పద్ధతి

ఫోన్‌లో చూసిన వీడియోలోని శబ్దాన్ని నమ్మి కారుకు కొత్త ఎగ్జాస్ట్, అంటే సైలెన్సర్‌తో కూడిన పొగ గొట్టం, కొనడం ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. ఫోన్ మైకు పెద్ద శబ్దాన్ని తనంతట తానే తగ్గించి, చిన్న శబ్దాన్ని పెంచి రికార్డు చేస్తుంది. ఫోన్ స్పీకరు వంద హెర్ట్జ్‌కు (సెకనుకు వంద కంపనాలకు) దిగువనున్న మంద్ర ధ్వనులను దాదాపుగా పలికించలేదు. కారులో కూర్చున్నవారిని గంటల తరబడి వేధించే హోరు సరిగ్గా ఆ దిగువ భాగంలోనే ఉంటుంది. అందువల్ల వీడియోలో ఎంతో ముచ్చటగా వినిపించిన సైలెన్సర్, బిగించిన తరువాత విజయవాడలో బయలుదేరి గుంటూరు చేరేలోపే తలనొప్పి తెప్పించవచ్చు. ఎగ్జాస్ట్‌ను ఎంచుకోవాలంటే అదే ఇంజన్ ఉన్న మరొక కారులో, అదే సైలెన్సర్‌తో, వెనుక సీటులో కూర్చుని స్వయంగా వినాలి. ఆ అవకాశం దొరకనంత వరకు డబ్బు చెల్లించకపోవడమే మంచిది.

శబ్దాన్ని మూడు సందర్భాలలో విడివిడిగా అంచనా వేయాలి. మొదటిది, తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ సెల్లారులో చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడు వచ్చే మోత. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కడానికి ఆ కొద్దిసేపు ఇంజన్ మామూలు ఐడిల్ (కారు నిలిచి ఉన్నప్పటి ఇంజన్ వేగం) కంటే ఎక్కువ వేగంతో తిరుగుతుంది. తక్కువ ఎత్తున్న కాంక్రీటు కప్పు కింద అది మరింత పెరిగి పై అంతస్తులలో నిద్రపోతున్నవారిని లేపుతుంది. రెండవది, జాతీయ రహదారి మీద టాప్ గేరులో గంటకు 80 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతున్నప్పటి శబ్దం. మూడవది, ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పటిది. కొనేవారందరూ ఆలోచించేది ఈ మూడవదాని గురించే. కానీ రోజువారీ వాడకంలో అది లెక్కలోకి రానంత తక్కువ సేపు వినిపిస్తుంది. మొదటి రెండింటితోనే మనమూ, మన ఇరుగుపొరుగువారూ కాలం గడపాలి.

తరువాత తెలుసుకోవలసింది మన ఇంజన్ స్వభావం. మన దగ్గర చిన్న స్పోర్ట్స్ కార్లు అనదగిన వాటిలో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, టాటా ఆల్ట్రోజ్ రేసర్, మారుతి బాలెనో ఆర్‌ఎస్ మూడు సిలిండర్లవి. ఫియాట్ అబార్త్ పుంటో నాలుగు సిలిండర్లది. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలో మొదట 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉండేది, 2020 నుంచి 1.0 లీటరు మూడు సిలిండర్ల ఇంజన్ వచ్చింది. కనుక పేరు ఒకటే అయినా పాత పోలో శబ్దం కొత్త పోలోకు రాదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండుతుంది. ఆర్‌పీఎంను, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లను, సిలిండర్ల సంఖ్యతో గుణించి 120తో భాగిస్తే ఎగ్జాస్ట్ మూల ధ్వని ఎన్ని హెర్ట్జ్‌లో ఉంటుందో తెలుస్తుంది. 2,400 ఆర్‌పీఎం దగ్గర మూడు సిలిండర్ల ఇంజన్‌కు అది 60 హెర్ట్జ్, నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు 80 హెర్ట్జ్. 6,000 దగ్గర 150, 200. మూడు సిలిండర్ల గొంతులో ఒక గరగర సహజంగా ఉంటుంది. దానిని శుభ్రంగా, కాస్త లోతుగా వినిపించేలా చేయవచ్చు గాని, ఏ సైలెన్సర్ బిగించినా అది నాలుగు సిలిండర్ల గొంతు కాదు. అలా అవుతుందని చెప్పే దుకాణదారుడి దగ్గర మరొక్క నిమిషం కూడా నిలబడనవసరం లేదు.

టర్బో, అంటే పొగ పోటుతో తిరిగే టర్బైన్ సాయంతో ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం, ఉన్నదా లేదా అన్నది కూడా ముఖ్యమే. టర్బైన్ వేడి వాయువుల నుంచి శక్తిని తీసుకుంటూ వాటి పోటును మెత్తబరుస్తుంది. అందువల్ల టర్బో కారుకు కొంత తెరిపిగా ఉన్న సైలెన్సర్ బిగించినా శబ్దం అదుపులో ఉంటుంది. టర్బో లేని చిన్న ఇంజన్‌కు అదే సైలెన్సర్ బిగిస్తే పై ఆర్‌పీఎంలో రేకు డబ్బా మోగినట్లు చిరచిరలాడుతుంది.

ఏ భాగాన్ని మార్చాలో నిర్ణయించే ముందు కారును ర్యాంపు మీదకు ఎక్కించి, పొగ వెళ్ళే దారిని ముందు నుంచి వెనుక వరకు కళ్ళతో చూడాలి. ఇంజన్ నుంచి లేదా టర్బో నుంచి బయలుదేరిన గొట్టం క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి, అక్కడి నుంచి వంగే ఫ్లెక్స్ పైపు మీదుగా మధ్య గొట్టంలోకి, చాలా కార్లలో అక్కడ శబ్దాన్ని కొంత అణచడానికి ఉండే చిన్న రెజొనేటర్ డబ్బాలోకి, చివరకు వెనుక బంపర్ కిందనున్న పెద్ద సైలెన్సర్‌లోకి వెళుతుంది. నా అభిప్రాయంలో ఇంట్లో అందరూ వాడే కారుకు ఆ చివరి సైలెన్సర్‌ను మాత్రమే మార్చాలి, మధ్య రెజొనేటర్‌ను ముట్టుకోకూడదు. రెజొనేటర్ తీసివేసి నేరుగా గొట్టం వేయడానికి తక్కువే అవుతుంది కాబట్టి చాలామంది దానినే ముందుగా చేయిస్తారు. హైవే మీద హోరు మొదలయ్యేదీ, యాక్సిలరేటర్ వదిలినప్పుడు చిరచిర పుట్టేదీ సాధారణంగా అక్కడే. క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి అసలు వెళ్ళకూడదు. దానిని తీసివేస్తే కార్బన్ మోనాక్సైడ్, మండని ఇంధనపు ఆవిర్లు నేరుగా వీధిలోకి వస్తాయి, దాని వెనుకనున్న ఆక్సిజన్ సెన్సర్ తేడాను కనిపెట్టి డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగిస్తుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ రాకపోవచ్చు. ఇన్ని పోగొట్టుకున్నందుకు వచ్చే శబ్దం కూడా కరుకుగానే ఉంటుంది.

చివరి సైలెన్సర్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. గదుల సైలెన్సర్‌లో లోపలి రేకు గోడలు శబ్ద తరంగాలను వెనక్కి మళ్ళించి ఒకదానితో ఒకటి చల్లార్చుకునేలా చేస్తాయి. మంద్ర ధ్వనిని అణచడంలో దీనిదే పైచేయి. నేరు సైలెన్సర్‌లో చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ లేదా స్టీలు ఊల్ చుట్టి ఉంటుంది. అది పై స్థాయి కరుకుదనాన్ని బాగా పీల్చుకుంటుంది గాని, కింది స్థాయి హోరును పెద్దగా ఆపలేదు. నేరు రకం కొంటే దాని డబ్బా వీలైనంత పొడవుగా, లావుగా ఉండాలి. అరచేయి పొడవున్న డబ్బాతో ఎవరూ మంచి శబ్దం తీసుకురాలేరు. అందులోని ఊల్ కాలక్రమేణా కాలి, ఎగిరిపోయి, శబ్దం పెరుగుతూ పోతుంది. కొన్న రోజున వినిపించినదే రెండేళ్ళ తరువాత కూడా వినిపిస్తుందని అనుకోకూడదు. వాల్వు ఉన్న సైలెన్సర్లు నెమ్మదిగా, గట్టిగా రెండు విధాలుగా మోగుతాయి గాని, వేడికి, మసికి ఆ వాల్వు బిగుసుకుపోవడం మామూలే. అది తెరుచుకుని ఉండగా బిగుసుకుపోతే ఎదురయ్యే పరిస్థితిని ముందే ఊహించుకోవాలి.

హోరు గురించి మరికొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎగ్జాస్ట్ మార్చినవారిలో చాలామంది పాత సైలెన్సర్‌ను తిరిగి బిగించుకునేది దీని వల్లనే. నిలకడ వేగంలో వచ్చే 60–80 హెర్ట్జ్ ధ్వని క్యాబిన్‌లోని గాలి సహజంగా ఊగే స్థాయికి దగ్గరపడితే, బయట వినిపించే దానికంటే లోపల ఎక్కువగా కూడుకుంటుంది. డిక్కీ క్యాబిన్ నుంచి విడిగా లేని హ్యాచ్‌బ్యాక్‌లలో ఇది మరీ ఎక్కువ. విరుగుడుగా ప్రధాన గొట్టానికి పక్కన, చివర మూసిన మరొక గొట్టాన్ని అతికిస్తారు. దాని పొడవు ఆ ధ్వని తరంగంలో నాలుగో వంతు ఉండాలి. 300 డిగ్రీల వేడి వాయువులో శబ్దం సెకనుకు దాదాపు 480 మీటర్లు పోతుంది కనుక, 80 హెర్ట్జ్‌కు ఆ గొట్టం మీటరున్నర, 60 హెర్ట్జ్‌కు రెండు మీటర్లు కావాలి. నాలుగు మీటర్లు కూడా లేని కారు కింద రెండు మీటర్ల అదనపు గొట్టానికి చోటు దొరకడం చాలా కష్టం. మూడు సిలిండర్ల కార్లలో హోరును తరువాత సరిదిద్దుకోవడం కంటే మొదటే రాకుండా చూసుకోవాలని చెప్పేది ఈ కారణంగానే.

గొట్టం వ్యాసం విషయంలో పెద్దదే మేలన్న నమ్మకం బలంగా ఉంది. ఒక లీటరు టర్బో ఇంజన్‌కు రెండు అంగుళాలు సరిపోతుంది, లీటరున్నర టర్బోకు రెండుంబావు. అంతకు మించితే శబ్దం బోలుగా మారుతుందే తప్ప బలం పెరగదు. చివర కనిపించే మెరిసే మూతి ఎంత వెడల్పున్నా శబ్దంలో చెప్పుకోదగ్గ మార్పు రాదు.

చట్టాన్ని డబ్బు ఖర్చు పెట్టకముందే చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని చెబుతుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 120వ నియమం శబ్దాన్ని సాధ్యమైనంత తగ్గించే సైలెన్సర్ ప్రతి వాహనానికీ ఉండాలంటుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరి నడిపితే 190వ సెక్షన్ రెండవ ఉపవిభాగం కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది. తయారీ దశలో ప్రయాణికుల కారు శబ్దం 74 డెసిబెల్స్ దాటకూడదు. ఆ ప్రమాణాలకు లోబడి కారు కంపెనీయే అమ్మే సైలెన్సర్ ఉంటే మొదట దానినే విని చూడాలి. వారంటీ, ఇన్సూరెన్సు సంస్థలను కూడా ముందే అడిగి, జవాబును లిఖితపూర్వకంగా తీసుకోవాలి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము వేళ అడ్డుపడవచ్చు. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం వంద మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అంటున్నాయి. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య నుంచి రోజూ వెళ్ళేవారికి ఇది పుస్తకంలోని మాట కాదు. ఆ గోడల అవతల రోగులు పడుకుని ఉంటారు.

ఇక పని చేయించే చోటు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గాని, గుంటూరు ఆటోనగర్‌లో గాని గొట్టాలు వంచి వెల్డింగ్ చేసేవారికి కొదవ లేదు. పనితనంలో మాత్రం చాలా తేడా ఉంటుంది. వారు అంతకు ముందు చేసిన ఒక వంపును చేతిలోకి తీసుకుని లోపలి వైపు చూడండి. వంపు దగ్గర ముడతలు పడి గొట్టం నొక్కుకుపోయి ఉంటే వారి దగ్గర సరైన వంపు యంత్రం లేనట్లే. ఆ ఇరుకు దగ్గర వాయువు రాసుకుని బుసకొడుతుంది. ఫోన్ టార్చి వేసి అతుకును లోపలి నుంచి చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలును లోపల ఆర్గాన్ వాయువు నింపకుండా అతికిస్తే అతుకు వెనుక భాగం నల్లగా, గరుకుగా, పొక్కులు కట్టినట్లు ఉంటుంది, బీటలు మొదట అక్కడే వస్తాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలని చెప్పి ఇచ్చే గొట్టానికి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు. 409 రకానికి అయస్కాంతం అతుక్కుంటుంది, కంపెనీలు వాడేదీ ఎక్కువగా ఆ రకమే కనుక అది తక్కువదేమీ కాదు. కాని 304 ధర పెట్టి దానిని తీసుకోనవసరం లేదు. ఊరిలోనే చిన్న చిన్న దూరాలు తిరిగే కారులో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కక లోపల నీరు నిలుస్తుంది, అడుగున చిన్న నీటి రంధ్రం ఉందో లేదో కూడా చూడాలి.

బిగించేటప్పుడు అసలు హ్యాంగర్ రబ్బర్ల మీదనే వేలాడదీయాలి, చాసిస్‌కు నేరుగా వెల్డింగ్ చేయనివ్వకూడదు. చేస్తే ఇంజన్ కంపనమంతా బాడీలోకి పాకి హోరును పెంచుతుంది. నడి వేసవిలో ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు గొట్టం వేడికి బంపర్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది కాబట్టి, మూతికీ బంపర్‌కూ మధ్య రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ ఉంచాలి. నలుగురిని కూర్చోబెట్టి ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ ఒకటి దాటించి, కింద తగులుతున్నదేమో చూసిన తరువాతనే మిగిలిన డబ్బు ఇవ్వాలి.

పాత సైలెన్సర్ విప్పకముందే ఒక కొలత తీసుకోవాలి. గొట్టం మూతికి సగం మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో ఫోన్ పట్టుకుని, నిర్ణీత ఆర్‌పీఎం దగ్గర డెసిబెల్ యాప్ అంకెను రాసుకోండి. కొత్తది బిగించాక అదే చోట, అదే ఫోన్‌తో మళ్ళీ కొలవండి. యాప్ చూపే అసలు అంకెకు విలువ తక్కువ, రెండు కొలతల మధ్య తేడాను నమ్మవచ్చు. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్లు అనిపిస్తుంది. నాలుగైదు దాటితే ఆ సైలెన్సర్‌ను తిరిగి ఇచ్చేయమనే నేను చెబుతాను.

తరువాత బెంజ్ సర్కిల్ నుంచి బయలుదేరి కనకదుర్గ వారధి మీదుగా మంగళగిరి దాటి కాజ టోల్‌ప్లాజా వరకు వెళ్ళి రండి. కిటికీలు మూసి, పాటలు ఆపి, వెనుక సీటులో ఇంట్లోవారినొకరిని కూర్చోబెట్టి, టాప్ గేరులో 1,800 నుంచి 2,800 ఆర్‌పీఎం వరకు వంద వంద పెంచుతూ ఒక్కొక్క చోట కాసేపు నిలపాలి. ఎక్కడ చెవులు దిబ్బడ వేసినట్లు అనిపించిందో వారిని చెప్పమనండి. ముందు సీటులోని ఉత్సాహంలో మనకు తెలియనిది వారికి తెలుస్తుంది. ఆ చోటు మనం రోజూ నడిపే వేగంలో పడకపోతే ఎంపిక కుదిరినట్లే. పడితే వారం రోజుల్లో అలవాటవుతుందని సర్దిచెప్పుకోకుండా, అక్కడి నుంచే ఆటోనగర్‌కు తిరిగి వెళ్ళాలి.

కుదిరిన సైలెన్సర్‌నైనా నెల తరువాత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బోల్టులు మరొకసారి బిగించాలి. ఉదయం స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక అది ఆగిపోతే ఎక్కడో ప్యాకింగ్ వదులై పొగ కారుతున్నదని అర్థం. విప్పిన పాత సైలెన్సర్‌ను తుక్కు కింద ఇవ్వకండి. రెండు మూతులకూ గుడ్డ కట్టి, దాని బోల్టులను, రబ్బర్లను అదే సంచిలో వేసి పొడి చోట దాచండి. కారు అమ్మేటప్పుడు గాని, అధికారులు పాతది బిగించి చూపమన్నప్పుడు గాని దాని అవసరం పడుతుంది.