కుక్కకి చిప్ వేయించే ముందు ఓసారి ఇది చదవండి

దీపావళి రోజు రాత్రి వైజాగ్ ఎంవీపీ కాలనీలో పక్కింటోళ్ళు లక్ష్మీ బాంబు పేల్చగానే మా లడ్డూగాడు గేటు సందులోంచి దూరి ఒకటే పరుగు, తెల్లారి లాసన్స్ బే కాలనీలో ఓ టిఫిన్ బండి కింద దొరికాడు, మెడలో బెల్టు లేదు, ఎక్కడో ఊడిపోయింది. బండాయన "ఎవరికి చెప్పాలో తెలీక ఇడ్లీ పెట్టానండీ" అన్నాడు. ఆ వారమే వాడి చర్మం కింద మైక్రోచిప్ వేయించేశాను.

ముందు ఒక మాట, ఇది జీపీఎస్ కాదు. "ఫోన్లో కనిపిస్తుందా అండీ" అని అందరూ అదే అడుగుతారు, కనిపించదు. బియ్యం గింజంత గాజు గొట్టం, 12 మిల్లీమీటర్ల పొడుగుంటుందేమో, లోపల బ్యాటరీ కూడా ఉండదు, స్కానర్ దగ్గరికి తెస్తే దాన్నుంచే పవర్ లాక్కుని 15 అంకెల నంబర్ చూపిస్తుంది, అంతే. మీ పేరూ అడ్రసూ అందులో ఉండవు, ఆ నంబర్ మీద డేటాబేస్‌లో విడిగా ఎక్కించాలి.

క్లినిక్‌కి ఫోన్ చేసి రెండే అడగండి, చిప్ ఐఎస్ఓ 11784, 11785 అనే అంతర్జాతీయ స్టాండర్డ్‌దేనా, మీ దగ్గర స్కానర్ ఉందా అని. స్కానర్ లేదంటే ఇంకో చోటు చూసుకోండి. పెంచుకోడానికి తెచ్చుకున్న పెద్ద కుక్కైతే పాత చిప్ ఉందేమో ముందు స్కాన్ చేయించండి. భుజాల మధ్య చర్మం పైకి లాగి ఇంజెక్షన్‌లా వేస్తారు, సూది మామూలు వ్యాక్సిన్ సూది కన్నా లావు, చూస్తే మనకే భయం. మావాడు ఒకసారి కుయ్‌మన్నాడు, నా చేతిలో బిస్కెట్ చూసి మర్చిపోయాడు. వేశాక అక్కడే మళ్ళీ స్కాన్ చేయించి నంబర్ చిప్‌తో పాటు వచ్చిన స్టిక్కర్ మీద దాంతో కలుస్తోందో లేదో మీ కళ్ళతో చూసుకోండి, స్టిక్కర్ వ్యాక్సిన్ బుక్కులో అంటించి ఫోటో తీసి పెట్టుకోండి. రెండ్రోజులు స్నానం, బీచ్ రెండూ బంద్.

అసలు చాలామంది దెబ్బతినేది రిజిస్ట్రేషన్ దగ్గరే. మా ఫ్రెండ్ పిల్లికి చిప్ వేశారు, డబ్బులు తీసుకున్నారు, నంబర్ మాత్రం ఎక్కడా ఎక్కించలేదు, ఏడాది తర్వాత గానీ తెలీలేదు. ఏ డేటాబేస్‌లో, ఎవరి పేరు మీద, ఏ ఫోన్ నంబర్‌తో పెట్టారో అడిగి మీరే తెరిచి చూసుకోండి, ఇంట్లో ఇంకొకరి నంబర్ కూడా ఇవ్వండి, సిమ్ మార్చినా ఇల్లు మారినా అక్కడ కూడా మార్చాలి, లేకపోతే చిప్ ఉండీ లేనట్టే.

విదేశం తీసుకెళ్ళే ఆలోచన ఉంటే చిప్ ముందు, రేబిస్ టీకా తర్వాత. యూరప్ దేశాల్లో చిప్ కన్నా ముందేసిన టీకా లెక్కలోకి రాదు, పాత టీకా ఉంది కదా అని ధీమాగా ఉంటే మళ్ళీ వేయించుకోవాల్సిందే.

ఏటా టీకాకి వెళ్ళినప్పుడు స్కాన్ కూడా చేయమనండి. చిప్ ఒక్కోసారి చర్మం కిందే జరిగి భుజం పక్కకో ముందుకాలి వైపుకో పోతుంది, మెడ దగ్గర బీప్ రాలేదని వదిలెయ్యకుండా అటూ ఇటూ తిప్పి చూడమనండి.

బెల్టు ట్యాగ్ మాత్రం తీసెయ్యకండి, టిఫిన్ బండాయన దగ్గర స్కానర్ ఉండదు, ఫోన్ ఉంటుంది. లడ్డూగాడి ట్యాగ్ మీద రెండు నంబర్లు చెక్కించాను. "వీడికి పాలు పడవు" అని కూడా రాయించమంది మా అమ్మ, చోటు సరిపోలేదు.