చెప్పాడు అంటే సెడ్ ఆ, టోల్డ్ ఆ?

సమస్య: మెయిల్‌లో "హి సెడ్ మీ" అనో "హి టోల్డ్ టు మీ" అనో రాసేస్తున్నారు. రెండూ తప్పే. విషయం అర్థమవుతుంది గానీ చదివేవాళ్ళకి అన్నంలో రాయి తగిలినట్టుంటుంది.

కారణం: మనకి ముందు తెలుగు వాక్యమే వస్తుంది, "నాకు చెప్పాడు" లో ఆ "కు" ఉంది కదా, దాని బదులు ఏదో ఒకటి పెట్టాలనిపించి టు తగిలించేస్తాం. టెల్ కి అది అక్కర్లేదు, పక్కనే మనిషి వచ్చేస్తాడు: టోల్డ్ మీ, టోల్డ్ హర్. సే పక్కన మాత్రం మాట రావాలి, మనిషిని తేవాలంటేనే టు కావాలి.

పరిష్కారం: రూల్ బట్టీ పట్టకండి, మన దగ్గర అను, చెప్పు అని రెండున్నాయిగా. "నాకు అన్నాడు" అని ఎవరూ అనరు, "నాతో అన్నాడు" అంటారు, అదే సెడ్ టు మీ. "నాకు చెప్పాడు" అయితే టోల్డ్ మీ. నాకైతే ఇది తట్టాక మళ్ళీ తడుముకోవాల్సిన పని రాలేదు.

ఒక్కచోట ఇది దెబ్బతింటుంది, జాగ్రత్త. "నన్ను రమ్మన్నాడు" లో అను ఉంది కదా అని "సెడ్ మీ టు కమ్" అని రాయకూడదు, పని చెయ్యమని చెప్పడం కాబట్టి "టోల్డ్ మీ టు కమ్". అబద్ధం, నిజం, కథ కూడా టెల్ కిందకే వస్తాయి, మనిషి లేకపోయినా సరే: టెల్ ఎ లై, టెల్ ద ట్రూత్. హలో, సారీ అయితే సే.

ఇంకో సమస్య: "ఎక్స్‌ప్లెయిన్ మీ". టెల్ మీ అలవాటైపోయి అదే అచ్చులో దీన్నీ పోసేస్తాం. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, మెన్షన్ మూడింటికీ మనిషి ముందు టు ఉండాలి. ఇన్‌ఫార్మ్ కి వద్దు.

అన్నిటికన్నా ప్రమాదం ఇది: గ్రామర్ అంతా కరెక్టే, అయినా అవతలివాళ్ళకి కోపం వచ్చింది. నాకే జరిగింది. రిపోర్టులో సెడ్, సెడ్ అని నాలుగుసార్లు వచ్చింది, బాలేదని ఒకచోట క్లెయిమ్డ్ అని మార్చా, "డబ్బులు కట్టామని చెప్పారు" అన్న వాక్యం కాస్తా "కట్టామంటున్నారు, నిజమో కాదో మరి" అయిపోయింది, వాళ్ళేమో మమ్మల్ని అనుమానిస్తున్నారా అని ఫోన్ చేశారు. డిక్షనరీలో పక్కపక్కన ఉన్నా ఇవి ఒకటి కాదండీ. అడ్మిటెడ్ అంటే ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నాడని, చాలాసార్లు తప్పు ఉన్నట్టే వినిపిస్తుంది. మెన్షన్డ్ అంటే మాటల మధ్యలో అలా అని వదిలేశాడు. ఇన్‌సిస్టెడ్ అంటే ఎదుటివాళ్ళు కాదంటున్నా పట్టుబట్టాడు.

దీనికి పరిష్కారం, మార్చే ముందు కొత్త వాక్యాన్ని తెలుగులో ఒకసారి పైకి అనుకోండి. "ఒప్పుకున్నాడు" అన్నది మీరు చెప్పదలుచుకున్నది కాకపోతే అడ్మిటెడ్ తీసెయ్యండి. సెడ్ నాలుగుసార్లు వచ్చినా ఏం కాదు, చదివేవాళ్ళ కన్ను దాని మీద ఆగదు.