కుడివైపు ఒత్తిగిలితే కళ్లు తిరిగేవి: నా అనుభవం

మాది విజయనగరం. మంచం మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, గదంతా గిర్రున తిరిగేది. అర నిమిషంలో ఆగేది, వికారం మాత్రం పూటంతా ఉండేది. బీపీ చూపించుకున్నాను, మెడ ఎక్స్‌రే తీయించాను, నెల రోజులు మాత్రలు మింగాను, అమ్మ దిష్టి కూడా తీసింది.

చివరికి ఈఎన్‌టీ డాక్టరుగారు నన్ను గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి కళ్ల కదలిక చూశారు. లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పాయన్నారు. వాటిని మళ్లీ చోటికి చేర్చడానికి 1992లో ఎప్లీ అనే డాక్టరు ప్రచురించిన పద్ధతి చేయించారు.

కాళ్లు చాపి కూర్చుని తల 45 డిగ్రీలు కుడికి తిప్పాను. అలాగే వెనక్కి పడుకున్నాను. దిండు భుజాల కింద ఉండాలి, తల కాస్త కిందికి వాలాలి. అసలు కష్టం ఇక్కడే. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. తిరుగుడు ఆగాక ఇంకో అర నిమిషం ఉన్నాను. తల ఎత్తకుండానే 90 డిగ్రీలు ఎడమకి తిప్పాను. తర్వాత ఒళ్లంతా ఎడమకి దొర్లి ముఖం నేలకేసి పెట్టాను. ప్రతిచోటా అర నిమిషం పైనే. ఎడమ పక్క నుంచే మెల్లగా లేచాను.

రెండోసారికి పోయింది. నాది కుడి చెవి. ఎడమదైతే అన్నీ తిరగెయ్యాలి. చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటే జబ్బు వేరే కావచ్చు. మాట తడబడితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లండి. మెడ నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా చెయ్యొద్దు. మా వదినకి మూడుసార్లు చేయించినా పూర్తిగా తగ్గలేదు.