పిల్లల చేతికి కంప్యూటర్ ఇచ్చే ముందు ఇంట్లో ఏమేం సెట్ చేసుకోవాలి?

మా వాడికి పదేళ్లప్పుడు కంప్యూటర్లో రోజుకి గంట అని టైమ్ లిమిట్ పెట్టి, ఇక నిశ్చింత అనుకున్నాను. నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదో రోజు రాత్రి ఏదో పని ఉండి కూర్చుంటే, నా అకౌంట్లోనే సగం ఆడి ఆపేసిన గేమ్ కనిపించింది. నేను పెట్టుకున్న పిన్ మా బండి నంబరు. రోజూ ఆ బండెక్కి తిరిగే పిల్లాడికి అది కనిపెట్టడం ఎంతసేపు?

అందుకే ఏ యాప్ వేయాలి అని వెతికే ముందు తాళం ఎవరి దగ్గరుందో చూసుకోండి. కింద రాసిన వరుస అలా దెబ్బతిని నేర్చుకున్నదే.

1. ముందు మీ అకౌంట్, తర్వాత వాళ్లది

మీ పాస్‌వర్డ్ మార్చండి. పుట్టినరోజులు, బండి నంబర్లు, ఫోన్ నంబరు చివరి అంకెలు వద్దు. టైప్ చేసేటప్పుడు పక్కన ఎవరున్నారో చూసుకోండి. పిల్లలు స్క్రీన్ వైపు చూస్తున్నట్టే ఉంటారు, కళ్లు మాత్రం మన వేళ్ల మీదే ఉంటాయి. లేచి వెళ్లేటప్పుడు విండోస్‌లో విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే స్క్రీన్ లాక్ అవుతుంది. ఈ ఒక్క అలవాటు లేకపోతే మిగతా సెట్టింగులన్నీ వేస్ట్.

తర్వాత పిల్లలకి విడిగా అకౌంట్ తెరవండి. ఇద్దరుంటే ఇద్దరికీ వేరువేరుగా. ఆరేళ్ల పిల్లకీ పదమూడేళ్ల వాడికీ ఒకే రూల్ పెడితే ఇద్దరితోనూ గొడవే. ఆ అకౌంట్ అడ్మినిస్ట్రేటర్ రకం కాకుండా స్టాండర్డ్ యూజర్ రకంలో ఉండాలి. అప్పుడు కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పాలన్నా, సిస్టమ్ మొత్తానికి వర్తించే ప్రోగ్రామ్ ఏదైనా వేయాలన్నా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

2. కంప్యూటర్‌తో వచ్చినదే వాడండి

డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని అకౌంట్స్‌లోకి వెళ్తే ఫ్యామిలీ అని ఉంటుంది. అక్కడ పిల్లల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ని మీ ఫ్యామిలీ గ్రూప్‌లో చేర్చండి. ఆపైన మీ ఫోన్లో ఫ్యామిలీ సేఫ్టీ యాప్ నుంచే ఏ రోజు ఎన్ని గంటలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు అన్నది పెట్టొచ్చు. టైమ్ అయిపోయాక పిల్లలు ఇంకాస్త కావాలని అడిగితే మీకు రిక్వెస్ట్ వస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఇందులోని వెబ్‌సైట్ ఫిల్టర్ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎడ్జ్ బ్రౌజర్లో మాత్రమే పనిచేస్తుంది. అందుకే దాన్ని ఆన్ చేస్తే అందరూ మామూలుగా వాడే మిగతా బ్రౌజర్లు ఆ అకౌంట్లో ఆగిపోతాయి. క్రోమ్ చెడిపోయిందని కంగారు పడొద్దు. చిన్న పిల్లలైతే 'అనుమతించిన సైట్లు మాత్రమే' అన్న ఆప్షన్ పెట్టి, వాళ్లకి కావాల్సిన ఐదారు సైట్లు చేర్చేస్తే చాలు.

మ్యాక్‌లో ఇదే పని స్క్రీన్ టైమ్ చేస్తుంది. దానికి విడిగా ఒక పాస్‌కోడ్ పెట్టాలి, లేదంటే పిల్లలే లోపలికెళ్లి లిమిట్ మార్చుకుంటారు. క్రోమ్‌బుక్, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకి గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉంది.

3. రౌటర్ దగ్గర ఒక జల్లెడ

ఇంట్లోని అన్ని పరికరాలకీ కలిపి వడకట్టాలంటే రౌటర్లో డీఎన్ఎస్ మార్చాలి. మనం టైప్ చేసే సైట్ పేరుకి నంబరు వెతికిపెట్టే డైరెక్టరీ లాంటిది డీఎన్ఎస్. పెద్దల సైట్ల నంబరు అడిగితే లేదని చెప్పే డైరెక్టరీలు ఉచితంగానే ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.3, 1.0.0.3. ఓపెన్‌డీఎన్ఎస్ ఫ్యామిలీషీల్డ్‌ది 208.67.222.123, 208.67.220.123.

రౌటర్ సెట్టింగ్స్ పేజీలో డీఎన్ఎస్ అన్న చోట పాత నంబర్లు ఉంటే కాగితం మీద రాసి పెట్టుకుని, ఈ రెండు జతల్లో ఒకటి వేసి సేవ్ చేయండి. పనిలో పనిగా రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి. చాలా రౌటర్లకి అది అడుగున స్టిక్కర్ మీదే అచ్చేసి ఉంటుంది.

ఈ జల్లెడకి చిల్లులున్నాయి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకున్నా, నెట్‌ని వేరే దారిలో తిప్పే వీపీఎన్ యాప్ వాడినా ఇది పట్టుకోలేదు. పైగా డీఎన్ఎస్ సైట్ పేరు వరకే చూస్తుంది. యూట్యూబ్‌ని వదిలితే మొత్తంగా వదలాలి, ఆపితే మొత్తంగా ఆపాలి. ఏ వీడియో మంచిదో దానికి తెలియదు.

4. యూట్యూబ్ సంగతి వేరే

చిన్న పిల్లలకి యూట్యూబ్ కిడ్స్ పెట్టండి. అందులో 4 ఏళ్ల వరకు, 5–8, 9–12 అని మూడు వయసులున్నాయి. వాటి పక్కనే, మీరు ఎంచిన వీడియోలు, ఛానెళ్లు మాత్రమే కనిపించేలా చేసే సెట్టింగ్ కూడా ఉంది. కాస్త ఓపిక పట్టి నాలుగు ఛానెళ్లు మీరే ఏరితే అన్నిటికన్నా నమ్మకమైనది అదే. మామూలు యూట్యూబ్ చూసే వయసొస్తే, పెద్దలకి మాత్రమే తగిన వీడియోలని వడకట్టే రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేయండి, కామెంట్లు కూడా కనిపించవు. అయితే అది అన్నిటినీ ఆపేస్తుందని అనుకోవద్దు.

ఏ వయసువాళ్లకైనా ఆటోప్లే (ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలవడం) మాత్రం ఆపేయండి. వీడియో అయ్యాక స్క్రీన్ ఒక్క క్షణం ఖాళీగా ఆగితే, పిల్లలు తలెత్తి చుట్టూ చూస్తారు. 'ఇక చాలు, రా' అనడానికి మనకి దొరికే సందు అదే.

5. గంటలు ఎన్ని?

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట దాటొద్దని, ఎంత తగ్గిస్తే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాదిలోపు వాళ్లకి అసలే వద్దంది. పెద్ద పిల్లలకి అందరికీ సరిపోయే ఒక్క నంబరంటూ లేదు. నా లెక్క ఇది: నిద్ర, హోంవర్కు, బయట ఆట పోను మిగిలిందే కంప్యూటర్‌ది. ఆన్‌లైన్ క్లాసునీ గేమునీ ఒకే ఖాతాలో వేయను. పడుకునే ముందు గంట మాత్రం ఏ స్క్రీనూ ఉండదు.

గడియారం చూసి ప్లగ్ పీకేస్తే గొడవ ఖాయం. మ్యాచ్ మధ్యలో వెళ్లిపోతే టీమ్‌లో మిగతావాళ్లు తిడతారని పిల్లాడి టెన్షన్ పిల్లాడిది. పది నిమిషాల ముందే వెళ్లి పక్కన కూర్చుని 'ఈ మ్యాచ్ ఇంకెంతసేపు?' అని అడగండి. 'రెండు రౌండ్లు నాన్నా' అంటే, రెండు రౌండ్లూ చూసి లేపండి. ఆట చూశారు కాబట్టి మూడో రౌండ్ మొదలైతే మీకు తెలుస్తుంది.

6. కుర్చీ, కళ్లు

పెద్దల కుర్చీలో పిల్లల కాళ్లు గాల్లో వేలాడతాయి. పాదాల కింద గట్టి పెట్టె ఏదైనా పెట్టండి. స్క్రీన్ చేతి దూరంలో, దాని పై అంచు కళ్ల ఎత్తులోనో కాస్త కిందకో ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే కింద నాలుగు లావు పుస్తకాలు పేర్చి, విడి కీబోర్డు, మౌస్ ఇవ్వండి. లేదంటే మెడ వంగిపోతుంది.

స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం తగ్గుతుంది, కళ్లు మండేది అందుకే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమనండి. చెప్పడానికి తేలిక, పిల్లలు గుర్తుపెట్టుకోవడం కష్టం. మా ఇంట్లో వంటగది టైమర్ కంప్యూటర్ పక్కకి చేరింది. రోజూ ఆరుబయట ఆడుకునే పిల్లల్లో దూరంగా ఉన్నవి మసకగా కనిపించే సమస్య (మయోపియా) రావడం తగ్గుతుంది కాబట్టి, బయట ఆటని మాత్రం వదలనివ్వకండి.

7. ఇదంతా వాళ్ల ముందే చేయండి

దొంగచాటుగా నిఘా పెట్టొద్దని నా అభిప్రాయం. ఫ్యామిలీ సేఫ్టీ నుంచి ఏ రిపోర్టు నాకొస్తుందో, అందులో ఏం కనిపిస్తుందో మా వాడికే తెరిచి చూపించాను. కంప్యూటర్‌ని కూడా గదిలోంచి హాల్లోకి మార్చాం.

ఒక్క మాట మాత్రం ముందే ఇచ్చేయాలి: 'భయపెట్టేది ఏదైనా కనిపించినా, గేమ్ చాట్‌లో తెలియనివాళ్లు ఫోటో అడిగినా నాకు చెప్పు, కంప్యూటర్ లాక్కోను, తిట్టను.' చెప్తే ఆట పోతుందని తెలిసిన పిల్లలు చెప్పరు. అలాంటిది నిజంగా జరిగితే చాట్‌ని చెరిపేయకుండా ముందు మీకు చూపించమనండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసే బ్లాక్ చేసి, రిపోర్ట్ కొట్టండి.

ఈ సెట్టింగులని ఆరు నెలలకోసారి తిరగేయండి. వయసు పెరిగిన కొద్దీ ఒక్కొక్కటీ సడలించాలి. మా వాడికిప్పుడు పన్నెండు. మొన్న సెలవుల్లో సైట్ల లిస్ట్ తీసేసి ఫిల్టర్ మాత్రం ఉంచాను. పిన్ కూడా మార్చాను. ఈసారి అది ఏ బండిదీ కాదు.